మంగళం లేని ఆట

ఖమ్మం నుంచి సూర్యాపేట పోయే బాటలో కూసుమంచి అనే ఊరు ఉన్నది. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం వల్ల ఆ ఊరికి ప్రసిద్ధి. బరువైన రాతి స్తంభాలు, చీకటి నిండిన గర్భగుడి, అందులో పెద్ద శివలింగం. మొదటిసారి లోపల అడుగు పెట్టేవాడు ఎవడైనా గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ముందుకు కదలడు. తెలియని చోట ప్రవేశించేటప్పుడు మనిషికి సహజంగా కలిగే జాగ్రత్త అది.

అదే ఊరిలోనో, చుట్టుపట్ల పల్లెలలోనో సెలవునాడు అరుగు మీద కూర్చున్న పదిహేనేండ్ల బాలుని చేతిలో ఫోను ఉంటుంది. ఆ ఫోనులోనూ ఒక పాడుబడిన గుడి ఉన్నది, స్తంభాలు ఉన్నవి, చీకటి ఉన్నది, చీకటిలో కాపలా కాసే రాక్షసుడు ఉన్నాడు. బాలుడు అక్కడ గడప దగ్గర ఆగడు. కత్తి దూసి ఒక్క పరుగున లోపలికి పోతాడు, మరుక్షణంలో నేల కూలుతాడు, మళ్లీ లేస్తాడు, మళ్లీ కూలుతాడు. అర్ధరాత్రి అవుతుంది. తండ్రి కేకలు వేస్తాడు. మరునాడు బడిలో కునికిపాట్లు పడే శిష్యుణ్ణి చూసి, కారణం విని, పంతులుగారు ఫోనును తిడతారు. ఆ విషయమై పెద్దలు చేసే ఆలోచన అంతటితో ముగిసిపోతుంది. నిజానికి ఆలోచన మొదలు కావలసినది అక్కడనే.

ఆ బాలుడు ఆడేదానిని 'ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్' అంటారు. తెలుగులో చెప్పవలెనంటే వేషాల ఆట. కల్పిత లోకం ఒకటి. అందులో అడవులు, కోటలు, సంతలు, గుహలు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దేశాలలో ఉన్న వేలమంది ఒకే సమయంలో ఆ లోకంలో ప్రవేశిస్తారు. ఒకడు వీరుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు వైద్యుడు, ఇంకొకడు విలుకాడు. ప్రతివారూ తమ వేషంతో తిరుగుతూ, అప్పగించిన పనులు నెరవేరుస్తూ, బలాన్నీ సంపదనూ పెంచుకుంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించారు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, పలువురు కలిసి తిరగగల అటువంటి లోకాన్ని కంప్యూటరులో నిర్మించడం మొదలుపెట్టగా, తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ దానిని పెంచి పెద్దచేశాడు. ఆ లోకంలో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 2004లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వచ్చేసరికి అక్షరాల లోకం రంగుల లోకమైనది. నేడు అటువంటి లోకాలు అరచేతి ఫోనులో ఇమిడిపోయినవి.

ఈ సంగతి విని తెలుగువాడు ఆశ్చర్యపడనక్కరలేదు. కల్పిత లోకంలో వేషం కట్టి తిరగడం ఈ నేలకు కొత్త విద్య కాదు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ' ప్రదర్శనతో ఆరంభించిన సురభి నాటక సమాజం తరతరాలుగా 'మాయాబజారు' వంటి నాటకాలతో, రంగస్థలం మీద చూపే మాయలతో ప్రేక్షకులను మరో లోకానికి తీసుకుపోయింది. 1947లో వెలువడిన 'చందమామ' మాసపత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క'తో ఆరంభించి వరుసగా రచించిన ధారావాహికలలో లేని మాంత్రికుడు లేడు, లేని మాయాదుర్గం లేదు. 1951లో 'పాతాళ భైరవి' చలనచిత్రం విడుదలైనప్పుడు తోటరాముని వెంట గుహలోకి నడవని తెలుగు బాలుడు అరుదు. కావున ఈ ఆటలు పరదేశపు పిచ్చి అని త్రోసిపుచ్చే పెద్దలు తమ బాల్యాన్ని మరిచి మాట్లాడుతున్నారనవలె. నాటకాలు చూస్తే చెడిపోతారనీ, నవలలు చదివితే చెడిపోతారనీ వెనకటి పెద్దలూ అన్నారు. చెడినవారు చెడినారు, బాగుపడినవారు బాగుపడినారు. భేదం నాటకంలో లేదు. దానిని పట్టుకున్న తీరులో ఉన్నది.

అయితే వెనకటి వేషానికీ నేటి వేషానికీ ఒక భేదం మాత్రం ఉన్నది. అది చిన్నది కాదు. సురభి కుటుంబంలో పుట్టిన బిడ్డ రంగస్థలం మీద మొదట బాలకృష్ణుడుగానో, ప్రహ్లాదుడుగానో, లవకుశులలో ఒకడుగానో అడుగు పెడతాడు. దుర్యోధనుని గద మొదటిరోజునే చేతికి ఇవ్వరు. పక్కన తల్లి ఉంటుంది. తెర వెనుక మేనమామ ఉంటాడు. మాట మరిచిపోతే అందిస్తారు. చిందు భాగవతుల కుటుంబాలలోనూ విద్య పెద్దల చేతినుంచే పిల్లల చేతికి వచ్చింది. ఆన్‌లైన్ ఆటలో కొత్తవానికి ఆ తల్లి లేదు, ఆ మేనమామ లేడు. ఇంట్లోవారికి ఆ లోకం తెలియదు. తెలిసినవారు ఎక్కడి వారో, ఎటువంటి వారో తెలియదు. ఆ లోటు కొంతవరకైనా తీరునేమోనని, ఇటువంటి ఆటలలో నలిగినవారి అనుభవం చెప్పే నియమాలను ఇక్కడ కూర్చడమైనది.

మొదటిది వేషం ఎంపిక. ఈ ఆటలలో జట్టు పోరు సాధారణంగా మూడు ధర్మాల మీద నడుస్తుంది. శత్రువు దెబ్బలను తన మీదికి తీసుకుని తోడివారిని కాచేవాడు ఒకడు. వానిని 'ట్యాంక్' అంటారు. గాయాలు మాన్పేవాడు ఒకడు, వాడు 'హీలర్'. శత్రువును కొట్టి పడగొట్టేవారు తక్కినవారు. కొత్తవాడు అన్నిటికంటె పెద్ద కత్తినో, అన్నిటికంటె మిరుమిట్లు గొలిపే మంత్రాన్నో కోరుకుంటాడు. అది వయస్సుకు సహజం. కాని కొత్తవానికి కావలసినది మెరుపు కాదు, మనుగడ. ఒంటరిగా పోయినా కొంతసేపు నిలవగలిగే వేషం, రెండు మూడు మీటలతో నడిచే వేషం మొదట మంచిది. కాచే పని, మాన్పే పని నలుగురి ప్రాణాలకు పూచీ వహించేవి. దారులు తెలిసిన తర్వాత చేపట్టదగినవి. ఎంచుకున్న వేషం నచ్చకపోతే కొంప మునగదు. చాలా ఆటలలో రెండవ వేషం కట్టుకోవచ్చు. పది గంటలు వృథా అయినవే అన్న విచారంతో, నచ్చని వేషాన్ని మరి నూరు గంటలు మోయడం తెలివి కాదు.

రెండవది పేరు. వేషానికి పెట్టే పేరులో సొంత పేరు, ఊరి పేరు, బడి పేరు, పుట్టిన సంవత్సరం ఉండరాదు. స్థానం నరసింహారావు రంగస్థలం మీద సత్యభామ. రంగు కడిగిన తర్వాత నరసింహారావే. ఆ రెండు పేర్ల మధ్య ఒక తెర ఉన్నది. ఈ ఆటలో ఆ తెర కట్టేవారు వేరే ఉండరు, ఆటగాడే కట్టుకోవలె. పాస్‌వర్డు మరెక్కడా వాడనిదై ఉండవలె. వీలున్న చోట, ఫోనుకు వచ్చే రెండవ సంకేతాన్ని కూడా అడిగే ఏర్పాటు చేసుకోవలె. ఆ సంకేతాన్ని స్నేహితునికి గాని, ఆట నడిపే సంస్థవారమని చెప్పుకునేవారికి గాని చెప్పరాదు. 2023లో భారత పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా లెక్కించి, వారి వివరాలను వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనన్నది. చట్టం అంత జాగ్రత్త పడిన చోట బాలుడు తన వివరాలను తానే దారి పొడుగునా చల్లుకుంటూ పోవడం విచారకరం.

మూడవది నిదానం. చాలా ఆటలలో మొదట ఒక చిన్న ఊరు ఉంటుంది. అక్కడ ఒక ముసలాయన మూలికలు తెమ్మంటాడు. ఒక రైతు పొలంలో పడ్డ అడవిపందులను తరమమంటాడు. ఒకామె పొరుగూరికి ఉత్తరం చేర్చమంటుంది. వీటిని 'క్వెస్టులు' అంటారు. కొత్తవాడు వీటిని చులకనగా చూసి పెద్ద కోట వైపు పరుగెత్తుతాడు. ఆ చిన్న పనులే అక్కడి పాఠశాల అని అతనికి తెలియదు. నడవడం, దెబ్బ కాచుకోవడం, సంచి సర్దుకోవడం, పటం చూడడం – వీటినన్నిటినీ ఆట నిర్మించినవారు ఆ పనులలో దాచి నేర్పుతారు. ఓనమాలు దిద్దకుండా కావ్యపాఠం ఎవరికీ పట్టుబడదు. పని చెప్పేవాని మాటలను చదవకుండా మీట నొక్కి దాటిపోయేవాడు, తర్వాత దారి తప్పి కనబడిన వారినల్లా అడుగుతూ తిరుగుతాడు. ఆ మాటలు చాలా ఆటలలో ఇంగ్లీషులో ఉంటవి. తెలుగు బడిలో చదివే పిల్లవానికి అది చిక్కే. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు నాలుగు మాటలు నేర్చుకుంటే ఆ చిక్కు కాస్తా లాభమవుతుంది.

ఎదురైనవాని బలాన్ని తన బలంతో పోల్చి చూడడం మొదటినాడే అలవరచుకోవలె. శత్రువు స్థాయి ఎంతో చాలా ఆటలలో అంకె రూపంలో కనబడుతుంది. తనకంటె అది మరీ పెద్దదైనప్పుడు వెనక్కు తిరగడం పిరికితనం కాదు. గుంపు మధ్యకు ఉరకక, ఒక్కొక్కరినే దూరంగా లాగి ఎదుర్కోవలె. ఓడినప్పుడు కోపంతో ఆ క్షణమే మళ్లీ పోరాదు; ఎందుకు ఓడినదీ ఒక్క నిమిషం ఆలోచించి పోవలె. గాయాలు మాన్పే మందు సంచిలో కొంత ఎప్పుడూ ఉండవలె. అంగడిలో కనబడిన ప్రతి ఆయుధమూ కొనరాదు. నాలుగు స్థాయిలు పెరిగేసరికి అది మూలకు పడుతుంది. తెలియని వస్తువును అమ్మేముందు దాని వివరం చదవవలె. ఇవన్నీ ఆటలోని చిన్న సూత్రాలు. కాని సంతలో, బడిలో, ఉద్యోగంలో కూడా పనికివచ్చే సూత్రాలే.

నాలుగవది సాంగత్యం. జట్టులో చేరగానే 'కొత్తవాణ్ణి, దారి తెలియదు' అని చెప్పుకోవడానికి సిగ్గుపడరాదు. చెప్పినవానికి నేర్పేవారు దొరుకుతారు. చెప్పక నటించినవాడు అందరినీ ముంచుతాడు. పోరు మధ్యలో చెప్పకుండా వెళ్లిపోరాదు. తనకు పనికిరాని వస్తువును తోటివాని నోటినుంచి లాగుకున్నట్లు తీసుకోరాదు. తనను బతికించిన వైద్యునికి ఒక్క మాట కృతజ్ఞత చెప్పవలె. నోటి దురుసును వీరత్వమనుకునే జట్టు నుంచి మారుమాట లేకుండా బయటికి రావలె. ఆటగాళ్లు 'గిల్డులు' అని పిలిచే సంఘాలు ఎన్నో ఉన్నవి, మర్యాద తెలిసినది ఒకటి దొరకకపోదు.

వేషంలో చేసినది లెక్కలోకి రాదని కొందరు బాలురు అనుకుంటారు. 2005 సెప్టెంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో జరిగిన వింత వారు వినదగినది. తనతో పోరాడేవారికి అక్కడి ఒక శత్రువు అంటించే శాపం వంటి రోగం, నిర్మాతలు ఊహించని దారిలో, పోరు జరిగే చోటు దాటి నగరాలలోకి పాకింది. బలహీనులైన కొత్తవారు క్షణాలలో కూలిపోయినారు. వైద్య వేషాలు కట్టినవారు కొందరు ఎవరూ కోరకుండానే వచ్చి తోటివారిని మాన్పడానికి పూనుకున్నారు. కొందరు ఊళ్లు విడిచి పోయినారు. మరికొందరు రోగాన్ని కావాలని మోసుకుపోయి జనం మధ్య విడిచి నవ్వుకున్నారు. చివరకు నిర్మాతలే జోక్యం చేసుకుని ఆపవలసి వచ్చింది. అంటురోగాల శాస్త్రజ్ఞులు ఈ ఘటనను పరిశీలించి 2007లో వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించారు. అక్కడ రోగం కల్పితం, శరీరాలు కల్పితం. సాయపడిన మంచితనమూ, అంటించిన దుర్మార్గమూ మాత్రం కల్పితాలు కావు. వేషం ముఖాన్ని దాస్తుంది గాని స్వభావాన్ని దాచదు.

మంచివైపు నిదర్శనం కూడా ఒకటి ఉన్నది. నార్వే దేశంలో కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధితో చక్రాల కుర్చీకి పరిమితమైన యువకుడొకడు ఏళ్ల తరబడి ఇదే ఆట ఆడేవాడు. కొడుకు లోకానికి దూరమై, స్నేహమంటే ఏమిటో ఎరుగకుండా పోతున్నాడని తల్లిదండ్రులు దుఃఖించారు. 2014లో అతడు మరణించిన తర్వాత, అతడు రాసుకున్న బ్లాగులో ఆ వార్త పెట్టగా, ఎన్నడూ చూడని మనుషుల నుంచి ఉత్తరాలు వచ్చినవి. కష్టంలో తమ మాట విన్న స్నేహితుడని వారు అతనిని తలచుకున్నారు. 2024లో ఆ కథ చలనచిత్రంగా లోకానికి తెలిసింది. కాబట్టి ఆ లోకంలో దొరికే స్నేహం అబద్ధమని అనడానికి వీలు లేదు. స్నేహం నిజమైనప్పుడు, స్నేహధర్మమూ నిజమే.

ఐదవది ధనం. 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు తోటరామునికి ఐశ్వర్యం ఆశ చూపి గుహకు తీసుకుపోవడం అతని మేలు కోరి కాదు, బలి ఇవ్వడానికి. ఎన్నడూ చూడనివాడు వచ్చి ఉచితంగా రత్నాలిస్తాను, ఈ లంకె నొక్కు అన్నప్పుడు కొత్తవాడు ఆ మాంత్రికుణ్ణి తలచుకోవలె. ఇక ఆట అంగడిలోనే పెట్టి అమ్మేవి కొన్ని ఉన్నవి. ఏముందో తెలియని పెట్టెను డబ్బు పెట్టి కొనడం, తెరిచి చూసి నిరాశపడడం, మళ్లీ కొనడం: దీనిని 'లూట్ బాక్స్' అంటారు. ఇది జూదమేనని 2018లో బెల్జియం దేశపు అధికారులు తీర్మానించి, డబ్బు తీసుకుని అటువంటి పెట్టెలు అమ్మరాదన్నారు. తెలంగాణలో పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే చట్టం నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేటట్లు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. పందెం లేని ఆటలను ఆ చట్టం నిషేధించలేదు. అయినా సంచికి చిల్లు పడడానికి పందెమే అక్కరలేదు. మొదటి నెల ఒక్క పైసా కూడా ఖర్చు చేయకపోవడం కొత్తవానికి ఉత్తమ నియమం. ఆ నెల గడిచేసరికి ఆట నచ్చినదో లేదో తేలుతుంది. తండ్రి బ్యాంకు ఖాతా కలిసిన ఫోను మీద ఆడే బాలుడు, ఆ పిన్ నెంబరు తనకు తెలియకుండా ఉంచమని తానే అడగగలిగితే అంతకు మించిన వివేకం లేదు.

ఆరవది అన్నిటికంటె ముఖ్యం. పై అయిదింటిని ఆటలోని పెద్దలైనా ఏనాటికైనా నేర్పుతారు. ఆరవదానిని ఆట ఎన్నటికీ నేర్పదు. అది ఆపడం.

తెలుగువారి ప్రతి ఆటకూ ముగింపు ఉన్నది. వీథి భాగవతం రాత్రంతా సాగుతుంది. చివరకు మంగళం పాడుతారు. హారతి అయిన తర్వాత సత్యభామ జడ తీసి పెట్టెలో పెడుతుంది. జనం దుప్పట్లు దులుపుకుని పొలాలకు పోతారు. 'చందమామ' ధారావాహిక రాక్షసుడు కత్తి ఎత్తిన చోట ఆగేది. తరువాయి కోసం నెల రోజులు కాచుకోవలసిందే. ఆ నెల రోజుల్లో బాలుడు బడికి పోయేవాడు, చెరువులో ఈదేవాడు, రాక్షసుడు ఏమి చేసి ఉంటాడో తానే ఊహించుకునేవాడు. ఆ ఊహే అతనికి అసలు లాభం. పక్కనున్న భద్రాద్రిలో సాక్షాత్తు రామచంద్రునికే రాత్రి పవళింపు సేవ ఉన్నది. దేవునికి కూడా నిద్రవేళ అనేది ఒకటి పెట్టిన సంప్రదాయం ఇది.

ఆన్‌లైన్ ఆటకు పవళింపు లేదు. ఆటగాడు నిద్రపోయినా ఆ లోకం మేలుకొనే ఉంటుంది. నేడు రాకపోతే నేటి బహుమానం పోతుందంటుంది. ఈ వారం పండుగ మళ్లీ రాదంటుంది. మరొక్క స్థాయి పెరిగితే కొత్త గుర్రం ఇస్తానంటుంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఆటగాడు ఎంతసేపు ఉంటే నడిపేవారికి అంత ఆదాయం కనుక ఆ ఏర్పాటు. వారిని నిందించి ప్రయోజనం లేదు. వర్తకుడు అంగడి మూసుకుపోవలెనని కోరడు. కొన్నవాడే లేచి ఇంటికి పోవలె. మంగళం లేని ఆటకు ఆటగాడే మంగళం పాడవలె. కొత్తవాడు నేర్వవలసిన అసలు విద్య ఇదే.

దీనిని అతిశయోక్తి అనరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అయితే ఆడే ప్రతి బాలుడూ రోగి అని ఆ సంస్థ అనలేదు. ఆటమీద అదుపు తప్పడం, తక్కిన పనులన్నిటికంటె ఆటే ముందు కావడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా మానలేకపోవడం – సాధారణంగా ఈ లక్షణాలు 12 నెలల పాటు నిలిచి, చదువునూ సంసారాన్నీ దెబ్బతీసినప్పుడే ఆ పేరు పెట్టదగునన్నది. వారం రోజుల ఉత్సాహాన్ని చూసి రోగమని భయపడే తండ్రికి ఇది ఊరట. ఏడాదిగా పిల్లవాడు మనిషిలో మనిషిగా లేకపోయినా వయస్సు చేష్ట అని ఊరుకునే తండ్రికి ఇది హెచ్చరిక. అటువంటప్పుడు కావలసినది దండన కాదు, వైద్యుని సలహా.

మంగళం పాడడానికి కూడా ఒక పద్ధతి ఉన్నది. ఆట విప్పకముందే, ఈ పూట చేయదలచిన పని ఏదో, ముగించే గంట ఏదో కాగితం మీద రాసుకోవలె. 'ఇంకొక్కటి' అనే మాట ఆటలో పుడుతుంది కనుక, నిర్ణయం ఆటకు బయటనే జరగవలె. గడియారం మోగే ఏర్పాటు ఉండవలె. అది చేయి చాచితే అందని చోట ఉండవలె. జట్టుతో పోయేటప్పుడు 'తొమ్మిది గంటలకు సెలవు తీసుకుంటాను' అని ముందే చెప్పవలె. అప్పుడు మధ్యలో విడిచిపోయిన దోషమూ లేదు, మొగమాటమూ లేదు. గంట కాగానే వేషాన్ని ఊరిలోనో, సత్రంలోనో నిలిపి సెలవు పుచ్చుకోవలె. ఫోను రాత్రి పడక పక్కన ఉండరాదు. పరీక్షల నెలలో ఆటకు పూర్తిగా సెలవు ఇవ్వవలె. సెలవు ఇచ్చి తిరిగి రాగలిగినవాడే ఆటకు యజమాని. రాలేనివాడు, మానలేనివాడు దానికి బానిస.

ఈ భారమంతా పదిహేనేండ్ల బాలుని మీద పెట్టి పెద్దలు తప్పుకోవడం న్యాయం కాదు. సురభి బిడ్డకు తెర వెనుక మేనమామ ఉన్నాడని పైన అనుకోవడమైనది. నేటి బాలునికి ఆ స్థానంలో నిలవగలవాడు ఉపాధ్యాయుడే. ఆయనకు ఆ ఆట రానక్కరలేదు. 'ఏమిరా, నీ వేషం ఏమిటి? కాచేవాడివా, మాన్పేవాడివా?' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలును. తిట్టినప్పుడు మూసుకున్న నోరు ఆ ప్రశ్నకు తెరుచుకుంటుంది. తర్వాత ఆ బాలునిచేతనే, వాడు తిరిగిన అడవినీ, ఎక్కిన కోటనూ మంచి తెలుగులో రెండు పుటల వ్యాసంగా రాయించవచ్చు. ఆడినదానిని తిరిగి చెప్పగలిగినవాడు దానినుంచి ఒక అడుగు బయటికి వచ్చినవాడే. ఏమీ చెప్పలేక, ఎన్ని గంటలు గడిచినవో కూడా తెలియక తెల్లబోయే పిల్లవానిని అప్పుడే గుర్తించవచ్చును. ఫోను లాగుకున్న పంతులుకు ఈ రెండింటిలో ఏదీ తెలియదు.

ఆ వ్యాసాల వల్ల మరొక మేలు కూడా కలగవచ్చు. కూసుమంచికి తూర్పుగా ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు పోతే అడవి సీమ వస్తుంది. ఆ సీమలో కోయ గాయకులు డోలి వాయిస్తూ తమ వంశాల కథలను, సమ్మక్క సారలమ్మల వీరగాథను తరతరాలుగా పాడుతున్నారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు ఆ విద్యకే 2022లో పద్మశ్రీ లభించింది. ఏ లిపి సహాయం లేకుండా ఒక లోకాన్నంతా కంఠంలో నిలిపి, రావలసిన వేళ దానిని సభలో నిలబెట్టి, గాథ ముగిసినంతనే తిరిగి కంఠంలో దాచుకునే విద్య అది. నేడు తెలుగు బాలుడు ఫోనులో కట్టే వేషాలలో ఎక్కువ పాలు పరదేశపు గాథల నుంచి వచ్చినవే. అందులో తప్పు లేదు; కథకు సరిహద్దు లేదు. అయితే ఇతరుల లోకాలలో తిరిగి తిరిగి, లోకం ఎట్లా కట్టవలెనో తెలుసుకున్న కూసుమంచి పిల్లవాడు ఒకడు, రేపు మేడారం అడవినీ, ఓరుగల్లు కోటనూ అటువంటి ఆటగా కట్టవచ్చును. అది జరగవలెనంటే అతడు ఆటలో మునిగిపోయినవాడు కారాదు. ఆటను చూసి వచ్చినవాడు కావలె.

గణపేశ్వరాలయానికి పోయిన భక్తుడు గర్భగుడిలోనే ఉండిపోడు. గడప దగ్గర ఆగి, చీకటికి కళ్లు అలవాటు చేసుకుని, లోపలికి పోయి, చూడవలసినది చూసి, వెలుపలికి వచ్చి, మండపంలో కొంతసేపు కూర్చుంటాడు. ఆ కూర్చోవడం కూడా దర్శనంలో భాగమే. లోపల చూసినది మనస్సులో కుదురుకునేది అప్పుడే. తర్వాత లేచి, చెప్పులు తొడుక్కుని, ఇంటికి పోతాడు. కల్పిత లోకంలో మొదటి అడుగు పెట్టబోయే బాలబాలికలకు ఇంతకంటె చెప్పదగినది లేదు. గడప దగ్గర ఆగడం తెలియవలె; లోపల మర్యాదగా మెలగడం తెలియవలె; బయటికి రావడం తెలియవలె. మొదటి రెండూ ఆటను రక్షిస్తవి. మూడవది ఆటగాణ్ణి రక్షిస్తుంది.